లీనా, రిచ్చా: వైడ్‌బ్యాండ్ మీటరు మాట ఎంతవరకు నమ్మాలి?

ఇంజిన్ రిచ్‌గా (పెట్రోల్ ఎక్కువై) నడుస్తోందా, లీన్‌గా (పెట్రోల్ తక్కువై) నడుస్తోందా తేల్చడానికి గాజువాక ఆటోనగర్ షెడ్లలో చాలాకాలం ప్లగ్గులు విప్పి రంగు చూడటమే దారి. మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోల్ ఎక్కువైనట్టు, తెల్లబారితే తక్కువైనట్టు, లేత కాఫీ రంగులో ఉంటే సరిపోయినట్టు. అనుభవమున్న మేస్త్రి చూపును తీసిపారేయలేం. కానీ ఆ రంగు గడిచిన కొన్ని కిలోమీటర్ల మొత్తం కథను కలిపి చెబుతుంది. రెండో గేర్‌లో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు 4000 ఆర్‌పీఎం దగ్గర ఆ అరసెకనులో ఏం జరిగిందో చెప్పదు. సైలెన్సర్ పైపులో సెన్సర్ పెట్టి, గాలి-పెట్రోల్ పాళ్లను అంకెలో చూపించే వైడ్‌బ్యాండ్ మీటరు చెబుతుంది. అందుకే పాత కారుకు కొత్త ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) బిగించుకునేవాళ్లు, టర్బో పెట్టుకునేవాళ్లు, కార్బొరేటర్ బండిని ఇష్టంగా కాపాడుకునేవాళ్లు ముందుగా కొనే పరికరం ఇదే అవుతోంది.

చిక్కల్లా డిస్‌ప్లే మీద 12.8 అని, అంటే ఒక పాలు పెట్రోల్‌కు 12.8 పాళ్ల గాలి అని కనబడగానే అదే తిరుగులేని నిజం అనుకోవడంతో వస్తోంది. సిలిండర్లోకి వెళ్లిన గాలిని గానీ, పెట్రోల్‌ను గానీ ఆ మీటరు తూచదు. సైలెన్సర్ పైపులోకి వచ్చిన పొగలో, మండగా మిగిలిన ఆక్సిజన్ ఎంత, లేదా ఉన్నదంతా మండటానికి ఇంకా ఎంత ఆక్సిజన్ కావాలి అన్నది మాత్రమే కొలుస్తుంది. అంకె ఆ కొలత మీద కట్టిన లెక్క. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్, ఒళ్లు జిడ్డయ్యేంత సముద్రపు తేమ, రెండు మూడు గంటల్లో సముద్ర మట్టం నుంచి వెయ్యి మీటర్ల పైకి చేర్చే ఘాట్ రోడ్డు ఉన్న విశాఖపట్నంలో ఆ లెక్క ఎలా కట్టారో తెలియకపోతే ట్యూనింగ్ గాడి తప్పుతుంది.

ముందు మూలం చూద్దాం. ఇథనాల్ కలవని పెట్రోల్ ఒక కిలో పూర్తిగా మండటానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. అచ్చంగా అంతే గాలి అందితే లాంబ్డా 1. గాలి ఎక్కువైతే లాంబ్డా 1 దాటుతుంది, అది లీన్. తక్కువైతే 1 కంటే దిగుతుంది, అది రిచ్. 1976లో వోల్వో కార్లతో మొదలై తర్వాత అన్ని కార్లలోకీ వచ్చిన మామూలు ఆక్సిజన్ సెన్సర్ ఈ గీతకు ఇటా, అటా అన్నది మాత్రమే చెప్పగలదు. రిచ్ అయితే 0.9 వోల్టుల దరిదాపుల్లో, లీన్ అయితే 0.1 వోల్టు దగ్గర ఉంటుంది. మధ్యలో 0.45 దగ్గర నిటారుగా పడిపోతుంది. పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగా పనిచేయాలంటే లాంబ్డా 1 చుట్టూ తిరిగితే చాలు కాబట్టి కంపెనీ ఈసీయూకు అది సరిపోయింది. కానీ ఫుల్ థ్రాటిల్‌లో, అంటే యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు, కావలసింది 0.87 దగ్గరి మిశ్రమం. అక్కడ 0.87కీ 0.80కీ తేడా ఆ సెన్సర్‌కు దాదాపు తెలియదు. దాని వోల్టేజీ చూసి పవర్ ట్యూనింగ్ చేస్తామనేవాళ్ల మాట నమ్మకండి.

వైడ్‌బ్యాండ్ సెన్సర్‌లో అదనంగా ఉన్నది ఒక పంపు. బాష్ తయారుచేసే ఎల్‌ఎస్‌యూ 4.2, 4.9 సెన్సర్లే మార్కెట్‌లోని చాలా మీటర్లకు గుండెకాయ. జిర్కోనియా పింగాణి పలకల మధ్య సన్నని ఖాళీలోకి ఎగ్జాస్ట్ వాయువు కొద్దికొద్దిగా చొరబడుతుంది. ఆ ఖాళీలోని మిశ్రమం ఎప్పుడూ లాంబ్డా 1 దగ్గరే ఉండేలా కంట్రోలర్ కాపలా కాస్తుంది. లీన్ వాయువు వస్తే ఆక్సిజన్‌ను బయటికి తోడుతుంది, రిచ్ వాయువు వస్తే లోపలికి నెడుతుంది. ఇంటి మీది ట్యాంకులో నీటిమట్టం ఒకే గీత దగ్గర నిలపడానికి మోటారు ఎంత తిరగాల్సి వచ్చిందో చూసి వాడకం అంచనా వేసినట్టు, ఈ తోడటానికీ నెట్టడానికీ ఎంత కరెంటు పట్టిందో చూసి లాంబ్డా ఎంతో తేలుస్తారు. సరిగ్గా 1 దగ్గర పంపు కరెంటు సున్నా. అందువల్ల ఆ చుట్టుపక్కల మీటరు కొలత అన్నిటికంటే నమ్మదగినది. అక్కడి నుంచి రిచ్ వైపు, లీన్ వైపు దూరం పోయేకొద్దీ పొరపాటుకు చోటు పెరుగుతుంది. ఇదంతా జరగాలంటే పింగాణి 750 డిగ్రీల సెల్సియస్ పైచిలుకు వేడిలో ఉండాలి. దానికి హీటర్ లోపలే ఉంటుంది.

పెట్రోల్ సంగతికి వస్తే, 2025 నాటికి దేశంలో పెట్రోల్‌లో ఇథనాల్ 20 శాతానికి చేరింది. ఇథనాల్‌లోనే కొంత ఆక్సిజన్ ఉంటుంది. కిలో ఇథనాల్ మండటానికి 9 కిలోల గాలి చాలు. అందుకే ఈ20 పెట్రోల్‌కు లాంబ్డా 1 అంటే 14.7 కాదు, సుమారు 13.5. మరి మీటరు ఏం చూపిస్తుంది? దానికి ట్యాంకులో ఏముందో తెలియదు. లాంబ్డాను కొలిచి, కంపెనీ దానిలో నింపిన 14.7తో గుణించి డిస్‌ప్లే మీద పెడుతుంది. ఈ20 మీద ఇంజిన్ సరిగ్గా లాంబ్డా 1లో నడుస్తున్నా 14.7 అనే చూపిస్తుంది. ఇది తెలియక, 'ఈ20కి 13.5 కదా ఉండాలి' అని క్రూయిజింగ్‌లో మీటరు మీద 13.5 వచ్చేదాకా పెట్రోల్ పెంచితే ఇంజిన్ లాంబ్డా 0.92లో, అంటే 8 శాతం రిచ్‌గా పడుతుంది. మైలేజ్ పోతుంది, ప్లగ్గులు నల్లబడతాయి, తప్పు ఇథనాల్ మీదికి పోతుంది. తిరకాసు లేకుండా ఉండాలంటే మీటరును లాంబ్డాలో చూపించేలా మార్చుకోవడమే ఉత్తమం. దాదాపు మంచి మీటర్లన్నిటిలో ఆ వీలుంది. రేపు ఎల్‌పీజీ మీద నడిపినా 1 అంటే 1నే.

కార్బొరేటర్ బండ్లకు ఈ20 ఏం చేస్తుందో కూడా ఇక్కడే కనిపిస్తుంది. ఇథనాల్ లేని రోజుల్లో ఫుల్ థ్రాటిల్‌కు 13.0 వచ్చేలా జెట్ (కార్బొరేటర్‌లో పెట్రోల్ వెళ్లే సన్నని రంధ్రం) ఎంచుకున్న ఇంజిన్ అప్పుడు లాంబ్డా 0.88లో ఉండేది. అదే జెట్, అదే గాలి, ట్యాంకులో మాత్రం ఈ20 అయితే అది సుమారు 0.96కు చేరుతుంది. మీటరు 14.1 చూపిస్తుంది. రోజువారీ తిరుగుడులో పెద్దగా తెలియకపోవచ్చు. సింహాచలం కొండ ఎక్కుతున్నప్పుడో, నలుగురితో ఏసీ వేసి హైవే మీద లాగుతున్నప్పుడో పికప్ తగ్గి, ఇంజిన్ వేడి పెరిగి తెలుస్తుంది. ఇలాంటి బండికి మెయిన్ జెట్ ఒక మెట్టు పెద్దది వేయడం న్యాయమైన పని, ఎంత పెద్దదో చెప్పడానికి మీటరు కావాలి. ఇంజెక్షన్ కారులో కంపెనీ ఈసీయూ తన ఆక్సిజన్ సెన్సర్ చూసుకుంటూ ఈ తేడాను చాలావరకు తానే సర్దుకుంటుంది.

ఎంత లాంబ్డా ఉండాలన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు, ఉండకూడదు కూడా. టర్బో లేని ఇంజిన్‌కు ఫుల్ థ్రాటిల్‌లో 0.86 నుంచి 0.88, టర్బో ఉన్నదానికి 0.78 నుంచి 0.82, మామూలు వేగంలో 1 లేదా దానికి కాస్త పైన. ఇవి మొదలుపెట్టడానికి పనికొచ్చే అంకెలు మాత్రమే. ఐడిల్‌లో ఒక్కో ఇంజిన్ ఒక్కోచోట కుదురుగా ఆడుతుంది. దాన్ని చెవితో, వ్యాక్యూమ్ గేజీతో వెతకాలి తప్ప పట్టిక చూసి కాదు.

బిగింపు దగ్గర చేసిన పొరపాటును తర్వాత ఎంత తెలివిగా ట్యూన్ చేసినా దిద్దలేం. సెన్సర్ మర 18 మి.మీ. వ్యాసం, 1.5 మి.మీ. పిచ్. అందుకు తగిన స్టీల్ బుష్ పైపుకు వెల్డింగ్ చేయించాలి. సెన్సర్ కొన కిందికి చూస్తూ, అడ్డంగా ఉన్న గీతకు కనీసం 10 డిగ్రీలు పైకి వాలి ఉండాలి. లేకపోతే చల్లని పైపులో చేరిన నీటి బొట్టు మండుతున్న పింగాణి మీద పడి దాన్ని పగలగొడుతుంది. టర్బో ఉంటే దాని తర్వాత, కన్వర్టర్ ఉంటే దానికి ముందు బిగించాలి. సెన్సర్ పైపులో ఉండి, కరెంటు లేకుండా బండి తిప్పితే మసి పట్టి పాడవుతుంది. కాబట్టి కొన్నాళ్లు వాడనప్పుడు తీసేసి, ఆ చోట బోల్ట్ బిగించాలి. కూలెంట్ లీకేజీ, ఆయిల్ మండటం, కొన్ని రకాల సిలికాన్ గాస్కెట్ పేస్టు కూడా దానికి విషమే.

విశాఖలో దీనికి తోడు ఉప్పు గాలి ఉంది. బీచ్ రోడ్డు వైపో, భీమిలి వైపో రోజూ నిలిపే కార్లలో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఫ్లాంజీలు, సైలెన్సర్ జాయింట్లు త్వరగా తుప్పు పడతాయి. సెన్సర్ కంటే ముందున్న ఏ జాయింటులో సన్నని సందు ఉన్నా, ఎగ్జాస్ట్ దెబ్బకూ దెబ్బకూ మధ్య ఏర్పడే లాగుడుకు బయటి గాలి లోపలికి వస్తుంది. ఆ గాలిలోని ఆక్సిజన్‌ను సెన్సర్ ఇంజిన్ లెక్కలో వేసి లీన్ అంటుంది. దీన్ని పట్టుకోవడానికి ఒక గుర్తుంది: ఐడిల్‌లో బాగా లీన్ చూపించి, ఆర్‌పీఎం పెరిగి పైపు నిండుగా పారేకొద్దీ మామూలైపోతే ముందు అనుమానించాల్సింది లీకేజీని. పెట్రోల్ పెంచే ముందు సబ్బునీళ్లు పట్టుకుని జాయింట్లు చూడాలి.

అదే ఉప్పు ఎర్త్ వైరు కొసల్లో పచ్చని పొర కడుతుంది. మీటరు నుంచి ఈసీయూకు చాలా కిట్లలో 0 నుంచి 5 వోల్టుల సిగ్నల్ వెళ్తుంది. సున్నా వోల్టులంటే మీటరు అంకె 10, అయిదు వోల్టులంటే 20 అనుకుంటే ఒక్కో వోల్టుకు 2 పాయింట్లు. మీటరు ఎర్త్ ఒకచోట, ఈసీయూ ఎర్త్ ఇంకోచోట ఉండి రెంటి మధ్య కేవలం 0.1 వోల్టు తేడా వచ్చినా ఈసీయూ రికార్డు చేసే అంకె 0.2 మారిపోతుంది. డిస్‌ప్లే మీద 12.8, లాప్‌టాప్‌లో 13.0 అని ఉంటే ఏది నిజమని వాదించుకోకుండా ఎర్త్ రెండూ ఒకే చోటుకు కలపాలి. వోల్టేజీగా కాక డిజిటల్ సందేశంగా, క్యాన్ లైన్ ద్వారా సిగ్నల్ ఇచ్చే మీటరు అయితే ఈ బాధే ఉండదు.

అన్నీ కుదిరాక పని ఎలా సాగుతుందో ఒక గడి దగ్గర ఆగి చూద్దాం. ఇంజిన్‌లోకి గాలి వెళ్లే మానిఫోల్డ్‌లో పీడనం కొలిచే మ్యాప్ సెన్సర్‌తో నడిచే ఈసీయూలో ఇంజిన్ ఎంత గాలి పీల్చగలదో చెప్పే వీఈ పట్టిక ఉంటుంది, అడ్డంగా ఆర్‌పీఎం, నిలువుగా మానిఫోల్డ్ పీడనం. 3500 ఆర్‌పీఎం, 95 కిలోపాస్కల్‌ల గడిలో 72 అని రాసి ఉంది. అనుకున్న లాంబ్డా 0.871, లాగ్‌లో (నడిపినప్పుడు రికార్డయిన అంకెల్లో) వచ్చింది 0.932. అంటే ఇంజిన్ పట్టిక అనుకున్నదానికంటే ఎక్కువ గాలి పీలుస్తోంది. 72ను 0.932తో గుణించి 0.871తో భాగిస్తే 77. ఆ గడిలో 77 వేసి మళ్లీ నడిపి చూడాలి. సూత్రం ఇంతే. కష్టమంతా ఆ 0.932 నిజంగా ఆ గడిదేనా అని తేల్చుకోవడంలో ఉంది. కవాటం దాటిన వాయువు పైపులో ప్రయాణించి సెన్సర్‌ను చేరి, సెన్సర్ స్పందించేసరికి ఇంజిన్ ముందుకు పోయి ఉంటుంది. సెకనుకు 1000 ఆర్‌పీఎం చొప్పున ఎక్కుతున్నప్పుడు 0.15 సెకన్ల ఆలస్యమంటే 150 ఆర్‌పీఎం తేడా. ఐడిల్‌లో ఆలస్యం ఇంకా ఎక్కువ. ఆ ఆలస్యాన్ని లెక్కలో వేయకుండా దిద్దుతూ పోతే పక్క గడి తప్పును ఈ గడిలో సరిచేస్తూ ఉంటాం. అలాగే యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కినప్పుడు వచ్చే లీన్ మెరుపు వీఈ పట్టికకు సంబంధించింది కాదు, అలా తొక్కినప్పుడు పెట్రోల్ అదనంగా ఇచ్చే యాక్సిలరేషన్ ఎన్‌రిచ్‌మెంట్‌ది. చేతిలో లాగ్ ఉన్నా దానిలో ఏ భాగం పనికొస్తుందో, దేన్ని పారేయాలో తెలిసినవాడే ట్యూనర్.

ఫుల్ థ్రాటిల్ పరుగుకు డైనో (బండిని రోలర్ల మీద ఉన్నచోటే నడిపి కొలిచే యంత్రం) దొరికితే అంతకంటే మంచిది లేదు. రోడ్డు మీదే చేయాల్సి వస్తే రెండో గేర్ చాలు. చిన్న కార్లలో 2500 నుంచి 5500 ఆర్‌పీఎం దాకా పోయినా వేగం చాలావరకు 80 లోపే ముగుస్తుంది. నడిపేవాడు రోడ్డునే చూడాలి, లాప్‌టాప్ పక్కసీటులో వేరేవాళ్ల చేతిలో ఉండాలి. బీచ్ రోడ్డు ఈ పనికి చోటు కాదు, ఏ వేళలోనైనా.

పై ఆర్‌పీఎంలో లీన్ అవుతుంటే వీఈ పెంచుతూ పోవడం ఇంకో ఉచ్చు. పెంచినా లాంబ్డా దిగకపోతే పెట్రోల్ అసలు రావడం లేదన్నమాట. ఫిల్టర్ మూసుకుపోయిందో, పంపు పీడనం పడిపోతోందో, ఇంజెక్టర్లు తెరుచుకుని ఉండే సమయం 85 శాతం దాటిందో చూడాలి. అక్కడ మీటరు ట్యూనింగ్ పరికరంగా కంటే రోగనిర్ధారణ పరికరంగా ఎక్కువ విలువైనది. ఇంజిన్ మిస్ కొట్టినప్పుడు మాత్రం అది తప్పుదారి పట్టిస్తుంది. మండని పెట్రోల్, మండని గాలి రెండూ పైపులోకి వస్తాయి. సెన్సర్‌కు ఎక్కువగా కనబడేది ఆక్సిజన్. కాబట్టి రిచ్ ఎక్కువై ప్లగ్గులు తడిసి మిస్ కొడుతున్న ఇంజిన్ కూడా మీటరు మీద లీన్‌గా కనిపించవచ్చు. పెట్రోల్ పెంచితే ఇంకా మిస్ కొడుతుంది.

అన్నిటికంటే జాగ్రత్తపడాల్సింది సగటు దగ్గర. నాలుగు సిలిండర్ల వాయువూ కలిసిన చోట ఉన్న ఒక్క సెన్సర్ చూపించేది నలుగురి సగటు. మూడు సిలిండర్లు 0.84లో ఉండి, ఇంజెక్టర్ కొంత మూసుకుపోయిన నాలుగోది 0.98లో ఉంటే మీటరు 0.875 అని నిండు ఆరోగ్యం చూపిస్తుంది. ఫుల్ థ్రాటిల్‌లో ఆ నాలుగో పిస్టన్ మీద ఏం జరుగుతోందో దానికి తెలియదు. మిశ్రమం తనంతట తానే పేలి ఇంజిన్ టకటకలాడే నాకింగ్ కూడా దానికి తెలియదు, ఇగ్నిషన్ టైమింగ్ తప్పినా అంకె నిక్షేపంగా ఉంటుంది. అందుకే ప్లగ్గులు విప్పి నాలుగూ వరసగా పెట్టి చూసే పాత పద్ధతి వదలకూడదు. మీటరు చెప్పలేని సంగతి అక్కడ ఒక్క చూపులో దొరుకుతుంది.

ఇక తేమ. మే నెలలో 32 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్న మధ్యాహ్నం పీల్చే గాలిలో సుమారు 3.5 శాతం నీటి ఆవిరే. జనవరి తెల్లవారుజామున 18 డిగ్రీల దగ్గర అది 1.4 శాతం. మ్యాప్ సెన్సర్ ఆవిరి ఒత్తిడినీ గాలి ఒత్తిడిగానే లెక్కిస్తుంది కాబట్టి, జనవరిలో 12.8కి దిద్దిన ఫుల్ థ్రాటిల్ మేలో 12.5 చూపించడం సహజం. అది చూసి పట్టికను మళ్లీ కెలకాల్సిన పని లేదు. ఎండాకాలంలో దిద్దినవాళ్లు మాత్రం చలికాలంలో అంతే మేర లీన్ వైపు జరుగుతారు. టర్బో బండి అయితే ఆ మేరకు ముందే వెసులుబాటు ఉంచుకోవాలి. ఎల్‌ఎస్‌యూ 4.2 వాడే కొన్ని మీటర్లకు బయటి గాలిలో క్యాలిబ్రేషన్ చేయాలి. తేమ గాలిలో చేస్తే తప్పు వస్తుందేమో అన్న భయం ఉంటుంది గానీ, లాంబ్డా 1 దగ్గర పంపు కరెంటు సున్నా కనుక ఆ తప్పు అక్కడ మాయమవుతుంది, 0.87 దగ్గర కూడా 14.7 స్కేలు మీద 0.1 లోపే ఉంటుంది. అంతకంటే పెద్ద ప్రమాదం షెడ్డులో పెట్రోల్ ఆవిర్లు, పక్కబండి పొగ మధ్య క్యాలిబ్రేషన్ చేయడం.

చేసిన పని గట్టిదో కాదో తేల్చే పరీక్ష శృంగవరపుకోట దాటాక మొదలవుతుంది. అనంతగిరి మీదుగా అరకు వెళ్లే ఘాట్ రోడ్డు వెయ్యి మీటర్ల ఎత్తు దాటుతుంది. అక్కడ వాతావరణ పీడనం విశాఖ తీరంలో కంటే దాదాపు 11 శాతం తక్కువ. కార్బొరేటర్ బండి సుమారు 5 శాతం రిచ్ అవుతుంది, తీరంలో 13.0 చూపించింది పైన 12.4 దగ్గర ఉంటుంది. థ్రాటిల్ కోణం మీద మాత్రమే నడిచే ఈసీయూలో బయటి పీడనం లెక్క వేయకపోతే తేడా ఇంకా పెద్దది. మ్యాప్ సెన్సర్ ఉన్నది పీడనం తగ్గుదలను తానే చూసుకుంటుంది గానీ, పైపు చివర ఎదురొత్తిడి తగ్గి సిలిండర్ ఇంకాస్త ఖాళీ అయ్యి, అదే మానిఫోల్డ్ పీడనం దగ్గర కొంచెం ఎక్కువ గాలి పీలుస్తుంది. అంటే స్వల్పంగా లీన్. బయటి పీడనాన్ని బట్టి పెట్రోల్ సర్దే బారోమెట్రిక్ కరెక్షన్ ఎందుకుందో ఈ దారిలో లాగ్ తీస్తే అర్థమవుతుంది. దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదలగానే మీటరు లీన్ వైపు చివరికి పోయి నిలిచిపోతుంది. ఈసీయూ పెట్రోల్ ఆపేసింది, పైపులో ఉన్నది వట్టి గాలి. అది జబ్బు కాదు.

బీఎస్6 కార్ల యజమానులకు ఒక మాట. ఆ కార్లలో చాలావాటికి కంపెనీయే వైడ్‌బ్యాండ్ సెన్సర్ పెట్టింది, స్కానర్ తగిలిస్తే లాంబ్డా కనిపిస్తుంది. మామూలు వేగంలో మిశ్రమాన్ని మార్చబోతే ఈసీయూ మళ్లీ తన దారికి తెచ్చుకుంటుంది, ఆ కుస్తీ దండగ. తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డుకుంటుంది, వారంటీ కూడా పోతుంది. బీఎస్4, ఆ తర్వాతి పెట్రోల్ కార్లకు పొల్యూషన్ పరీక్షలో 2500 ఆర్‌పీఎం దగ్గర లాంబ్డా 0.97 నుంచి 1.03 మధ్య ఉండాలన్న నిబంధన ఉండనే ఉంది.

ఆ పరీక్షను ట్యూనర్ తన మీటరుకు పరీక్షగా కూడా వాడుకోవచ్చు. పొల్యూషన్ కేంద్రంలోని యంత్రం కార్బన్ మోనాక్సైడ్, కార్బన్ డయాక్సైడ్, హైడ్రోకార్బన్లు, ఆక్సిజన్ నాలుగూ విడివిడిగా కొలిచి లాంబ్డా కడుతుంది, దాని దారి వేరు. ఇంజిన్ బాగా వేడెక్కాక 2500 దగ్గర కదలకుండా నిలిపి రెండు అంకెలూ పక్కపక్కన రాసుకోవాలి. తేడా 0.02, 0.03 లోపు ఉంటే మీటరు సెన్సర్ ఆరోగ్యంగా ఉన్నట్టే. అంతకు మించితే ముందు ఎగ్జాస్ట్ జాయింట్లు, తర్వాత ఎర్త్ వైర్లు, ఆ రెండూ బాగుంటే సెన్సర్ మార్చే సంగతి చూడాలి. వీఈ పట్టిక తెరవడం ఆ తర్వాతే.